ఎర్ర పడుగు

బెజవాడ,
వ్యయ సంవత్సరం, శ్రావణ మాసం.

చిరంజీవి రామలింగానికి నీ తల్లి దీవించి చెప్పి రాయిస్తున్న సంగతులు.

ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నీ క్షేమం తెలియజేయవలెను అని మొదట రాయించడం మర్యాద గనక అదీ రాయించాను. నా మటుకు నేను తింటున్నాను, తిరుగుతున్నాను. మిగతావాళ్ళ క్షేమం సంగతి ఈ ఉత్తరం పూర్తిగా చదివాక నువ్వే తేల్చుకో. చేతిరాత మారిందని కంగారుపడకు. ఎప్పుడూ రాసిపెట్టే జానకిరామయ్య మాస్టారి దగ్గరికి ఈసారి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో, ఇప్పుడు రాస్తున్నది ఎవరో కింద చెబుతాను.

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి జవాబులు చెప్పుకొస్తాను. నా మోకాళ్ళు వానకు పట్టేస్తున్నాయి. నువ్వు పంపిన తైలం వాసన బాగుంది, నొప్పి నొప్పిగానే ఉంది. మగ్గం నడుస్తోందా అన్నావు. యుద్ధం ఆగింది గానీ నూలు మీద కంట్రోలు ఆగలేదు. వచ్చే పిసరంత నూలు సందంతా పంచుకుంటే నా వంతుకు తువ్వాలు కూడా దిగదు. మగ్గం గుంటలోకి ఒక కప్ప చేరింది. తోలబుద్ధి కాలేదు. ఆ గుంటలో కాలు ఆడించే ప్రాణి ఇప్పుడు అదొక్కటే.

మద్రాసులో సినిమా కంపెనీవాళ్ళకు తెరల మీద కోటలూ కొండలూ రాస్తున్నానని, దొరలు మెచ్చుకున్నారని రాశావు. సంతోషం. లేని కోట రాస్తే జీతం ఇస్తారు. ఉన్న సందు రాస్తే ఏమవుతుందో ఇక విను.

వేసవిలో నువ్వు వచ్చి, రోజూ తెల్లవారగానే కాలవ లాకు గట్టెక్కి కూర్చుని మన సందును నీళ్ళరంగుల్లో రాశావు గదా. ఆ బొమ్మను మాస్టారూ, ఆయన చిత్రకారుల సంఘంవాళ్ళూ కలిసి పెట్టిన ప్రదర్శనలో ఉంచారు. పఠనమందిరం హాలులో తడికలు నిలబెట్టి, అద్దాలు దొరక్క, బొమ్మల్ని గుండుసూదులతో గుచ్చారు. మన సందు ఆడవాళ్ళందరం ఉతికిన చీరలు కట్టుకుని పెళ్ళికి వెళ్ళినట్టు వెళ్ళాం. నువ్వు రాసేటప్పుడు ఒకావిడ బర్రెను కదలకుండా కట్టింది, ఒకావిడ ఆరేసిన బట్టలు తీయకుండా ఉంచింది. నీ బొమ్మ కోసం నా మోకాళ్ళు విరగ్గొట్టుకుని నేను ముగ్గు కూడా పెద్దది వేశాను. తమను తాము చూసుకోవాలని అందరికీ ఉబలాటం.

గుమ్మంలో మాస్టారు ఎదురొచ్చి, "ఏమ్మా, కొడుకు ఎంతవాడయ్యాడో చూద్దురుగాని రండి" అన్నారు.

"ఎంతవాడో నాకు తెలుసు లెండి, కన్నదాన్ని. బొమ్మ ఎక్కడో చెప్పండి" అన్నాను.

మొదట వేరేవాళ్ళ బొమ్మలున్నాయి. ఆనకట్ట, మైలవరం వైపు మామిడితోటలు, గుణదల కొండ మీది మేరీమాత దగ్గరికి ఎక్కుతున్న తిరునాళ్ళ జనం. "జనం చీమల్లా ఉన్నారేమిటే" అని ఒకావిడ అంటే, "చీమలకైతే కొండ మీద బెల్లం దొరికిందేమో, మనకు రేషను పంచదారే లేదు" అని ఇంకొకావిడ. అందరూ అక్కడ నవ్వుతూ నిలబడ్డారు. నేను ఆగలేక ముందుకు నడిచి నీ బొమ్మ దగ్గరికి ఒక్కదాన్నే చేరాను.

ఒరే, అబద్ధం ఎందుకు చెప్పాలి, ఒళ్ళు జలదరించింది. మన సందే. తెల్లవారే వేళ, మన అరుగు, నా ముగ్గు, బర్రె, బర్రె వెనక పేడ కూడా. తాళం పడిన రావమ్మ ఇల్లు. వాళ్ళ వాకిట్లో పీకి పారేసిన, పడుగు నూలు సాగదీసే కర్రల మీద ఒక కాకి. ఆ మూసిన తలుపును నువ్వు ఎంత జాలిగా రాశావంటే, దాన్ని తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అక్కడినుంచి కళ్ళు పక్కకు జరిగాయి. మీ మేనమామ చౌడయ్య ఇల్లు. సందులోనుంచి చూస్తే వాళ్ళ పెరటిగోడ తప్ప ఏమీ కనబడదు. లాకు గట్టు ఎత్తు గనక నీకు గోడ అవతల కూడా కనబడింది. కనబడింది రాశావు.

గోడ అవతల పెరట్లో, ఈ చివరినుంచి ఆ చివరిదాకా సాగదీసిన ఎర్రటి పడుగు. రెండు పక్కలా నల్ల అంచు. వంగి దానికి గంజి పెడుతున్న నీలంచీర మనిషి. కుంచె ఎడమచేతిలో ఉంది. మన వాళ్ళలో ఎడమచేత్తో గంజి పెట్టేది ఎవరో నీకూ తెలుసు, నాకూ తెలుసు. నా కడుపున పుట్టిన నీ అక్క, ఆ ఇంటి కోడలు చౌడేశ్వరి.

తరవాత బొమ్మ మీద నీళ్ళు పడి ఒక మూల చెడిపోయిందని మాస్టారు నీకు రాశారట. ఎలా పడ్డాయని అడిగావు. ఆ జవాబు కాసేపు ఆగు. ముందు నా ఫిర్యాదు పూర్తి కానీ.

నువ్వు మద్రాసులో ఉండగా జరిగింది గనక నీకు మాటగానే తెలుసు. షావుకారు దొంగనూలు తెచ్చి, ఒకరిద్దరికి చాటుగా ఇచ్చి, వాళ్ళను చూపించి మిగతావాళ్ళ కూలి కోస్తున్నాడని సందంతా ఒక్కటైంది. కంట్రోలు నూలు ఎంతొస్తే అంత సమంగా పంచుకోవాలి, షావుకారు నూలు ఎవరూ ముట్టకూడదు అని కట్టుబాటు చేసుకున్నాం. చేయించినది పెద్దమనిషి చౌడయ్యే. చౌడమ్మ తల్లి గుళ్ళో దీపం మీద మొదట చెయ్యి పెట్టి ఒట్టేసినది వాడే, వాడి వెనక నేను. ఆ తరవాత షావుకారు కొట్లో ఎర్రచీర, నల్లంచుది, కనబడింది. ఎవరు నేశారని గోల. రావమ్మ గుమ్మం ముందు మురుగులో ఎర్రనీళ్ళు చూశామన్నారు. పిల్ల లంగాకు రంగు వేసుకున్నానని ఆవిడ లంగా తెచ్చి చూపించింది. ఆవిడ మొగుడు భావనారాయణ దీపం ముందు ఏడ్చాడు. మీ మేనమామ వినలేదు. వాళ్ళ పడుగుకు ఎవరూ చెయ్యి వేయకూడదని తీర్పు చెప్పాడు. రెండో కొస పట్టే మనిషి లేకపోతే సాలెవాడు ఏం నేస్తాడు? పిల్లల్ని తీసుకుని వాళ్ళు గుణదల పోయారు. భావనారాయణ రైల్వే గూడ్సుషెడ్డులో బస్తాలు మోస్తున్నాడు. ఆ రోజు వాళ్ళ పడుగు కర్రలు పీకినవాళ్ళలో నేను ముందున్నాను. ఒట్టు మీద నాకున్న పట్టు అలాంటిది.

ప్రదర్శన చూసొచ్చి తిన్నగా నీ అక్క ఇంటికి వెళ్ళాను. పప్పు ఎనుపుతోంది. పప్పు! మన ఇంట్లో గంజిలో ఉప్పు వేసుకుంటున్నాం.

"ఎర్ర పడుగు ఎవరిదే?" అన్నాను.

అది పప్పుగుత్తి ఆపలేదు. "ఇప్పుడు తెలిసిందా? నీ ఒట్టు నీ పొయ్యి మీద ఉడుకుతుందేమో గానీ, నా పొయ్యి మీద ఉడకదమ్మా. నాకు ముగ్గురు పిల్లలు."

"రావమ్మకు లేరా పిల్లలు?"

"రావమ్మను వెళ్ళగొట్టమని నేను చెప్పానా? మా మామ చెప్పాడు, నువ్వు అరిచావు."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నీకు చెబితే నడిసందులో డప్పు కొడతావు. అందుకే అందరం నీకు దాచాం. తమ్ముడు గట్టు మీదినుంచి చూశాడు, ఇంటికొచ్చి అడిగాడు. అమ్మకు చెప్పకురా అంటే చెప్పనక్కా, నాకెందుకు అన్నాడు."

అదిరా నన్ను కోసింది. నా తమ్ముడు చౌడయ్య మోసం చేశాడంటే పెద్దరికం రుచి మరిగాడనుకుంటాను. కూతురు దాచిందంటే అత్తారిల్లు అనుకుంటాను. నువ్వు? పొద్దున్నే ఆ ఎరుపు కలిపి కాగితం మీద పెట్టి, ఎండెక్కాక వచ్చి నా ఎదుట కూర్చుని నా గంజి తాగావు. "బొమ్మ ఎలా వస్తోందిరా" అని నేను అడిగితే, "బాగా వస్తోందమ్మా" అన్నావు. వాళ్ళ తలుపు మీద అంత జాలి రాసినవాడికి ఆ తలుపు ఎందుకు మూతపడిందో తెలుసు. నోరు విప్పితే అది తెరుచుకుంటుందనీ తెలుసు. నోటితో చెప్పలేనివాడివి మరి రాయడం ఎందుకు? ఈ ముసల్దానికి బొమ్మ చూస్తే ఏం తెలుస్తుందిలే అనుకున్నావా? లేక పదిమందిలో నేనే చూసి, నేనే అరిచి, నీ బరువు నేను దించాలనుకున్నావా? దీనికి జవాబు కావాలి. తైలం సీసా పంపితే జవాబు కాదు.

మర్నాడు చౌడయ్య మన అరుగు మీద ఒక నూలు కట్ట పెట్టి వెళ్ళాడు. ఎర్రనూలు. "అక్కా, వచ్చే పడుగు నీదే వేసుకో. మనం మనం ఒకటి" అన్నాడు. నా జన్మలో ఎవరూ నన్ను అంత నీచంగా చూడలేదు. వాడు నాకది ఎందుకిచ్చాడో ఇక దాచను.

ముందు రాస్తున్నది ఎవరో చెబుతాను. ఇది రావమ్మ చేతిరాత. మిషను బళ్ళో అయిదో తరగతి చదివింది గదా. నేను గుణదల నడిచి వచ్చి, శౌరమ్మ అనే ఆవిడ పశువుల పాకలో వీళ్ళు తలదాచుకున్న చోట కూర్చున్నాను. నన్ను చూసి రావమ్మ లేచి నిలబడింది. "అత్తా, మంచినీళ్ళు తాగుతావా, మా ఇంటి నీళ్ళు పనికొస్తాయా?" అంది. ఇమ్మని తాగాను. శౌరమ్మ పాలు పిండుతూ, "మీ సందు తోసేసిన మనుషుల్ని మా ఆవు తొయ్యలేదమ్మా" అంది. ఆ మాట పడ్డాను. మా అబ్బాయికి ఉత్తరం రాసిపెట్టవే అంటే, వెలి పెట్టిన సందుమనిషి వెతుక్కుంటూ వచ్చిందన్న సంతోషంతో రావమ్మ కాగితం తీసింది.

పైన ఎర్ర పడుగు మాట దగ్గర అక్షరాలు వంకరపోయి ఉంటాయి, చూసుకో. అక్కడ దాని కలం ఆగింది. "మళ్ళీ చెప్పు అత్తా" అంది. మళ్ళీ చెప్పాను. ఏడ్చింది, నవ్వింది. "ఆ బొమ్మ ఎక్కడుంది? సాయంత్రం ఆయన్ని తీసుకెళ్ళి చూపిస్తాను. బస్తాల మధ్య తలవంచుకుని తిరుగుతున్నాడు, ఒక్కసారి చూస్తే చాలు" అంది. నేను జవాబు చెప్పక, రాయవే రాయి అని ఇక్కడిదాకా లాక్కొచ్చాను.

ఇప్పుడు చెబుతున్నాను, ఇద్దరూ వినండి. కప్పు కారలేదు. ఆ రోజు వానే లేదు. నేను ఆ ఎరుపు చూసేసరికి మన ఆడవాళ్ళు పక్క తడిక దగ్గరికి వచ్చేశారు. నా తమ్ముడు, నా కూతురు, దాని పిల్లలు అని కళ్ళ ముందు తిరిగింది. ఈ కుడిచేతి బొటనవేలు నోట్లో తడుపుకుని ఆ పెరడంతా రుద్దేశాను. పడుగు పోయింది, నీలంచీర పోయింది, తమలపాకు ఉమ్మిలాగా ఒక మరక మిగిలింది. "అయ్యో మాస్టారూ, పైన నిలిచిన వాననీళ్ళు కారాయి" అని నేనే కేక వేశాను. ఆ పెద్దమనిషి నమ్మి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అందుకే ఆయన చేత ఈ ఉత్తరం రాయించలేకపోయాను. సాయంత్రం చౌడయ్య వెళ్ళి బొమ్మ చూశాడు, మన ఇంటికొచ్చి ఎరుపంటిన నా వేలు చూశాడు. ఆ వేలికి కట్టిన వెల ఆ నూలుకట్ట. ఒట్టు ఒట్టు అని రావమ్మ కర్రలు పీకినదాన్ని, నావాళ్ళదాకా వచ్చేసరికి సాక్ష్యం తుడిచేశాను. మీరంతా నన్ను మోసం చేశారు. నేను ఈ పిల్లను రెండుసార్లు మోసం చేశాను.

రావమ్మ కలం కింద పెట్టింది. నా వేలివంక చూసింది. "ఎంగిలి వేలితోనా అత్తా" అంది. "నా కర్రలు పీకినప్పుడు కూడా, నీకు తెలియక పీకావనుకున్నాను. నీమీద కోపం రాలేదు. లే. వెళ్ళిపో."

"వెళ్తానే. ఉత్తరం ముగించి వెళ్తాను" అన్నాను.

"నేను రాయను."

అప్పుడు శౌరమ్మ ఆవు దగ్గరినుంచే, "రాయి రావమ్మా, ఒక్క ముక్క వదలకుండా రాయి. కాగితం మీద ఉంటే రేపు మాట మార్చదు" అంది. రావమ్మ కలం తీసింది. నా ముఖం చూడకుండా రాస్తోంది.

ఇక నేను చేయబోయేది విను. రేపు పొద్దున పడుగులు వేసే వేళకు ఆ నూలుకట్ట చౌడమ్మ తల్లి గుడిమెట్టు మీద పెట్టి సందంతా వినేలా చెబుతాను. రావమ్మ వాకిట్లో కర్రలు నా చేతులతో పాతుతాను. కానీ చౌడయ్య ఊరుకోడు. ముసల్దానికి మతి తప్పింది, దొంగనూలు దాని అరుగు మీదే దొరికింది అంటాడు. సగంమంది నమ్ముతారు. నేను చూసినది బొమ్మ, దాన్ని నేనే చెరిపాను. కళ్ళారా చూసినవాడివి నువ్వు ఒక్కడివే. ఇంకో బొమ్మ రాసి పంపుతానని రాయకు. బొమ్మను ఎవరైనా తుడిచేస్తారు, నా అంత తేలిక. సెలవు అడిగి, ఇవ్వకపోతే మానేసి, రైలెక్కి రా. అక్క ముందూ మామ ముందూ నిలబడి, లాకు గట్టు మీదినుంచి ఏం చూశావో నోటితో చెప్పు. రావమ్మ పడుగుకు ఒక కొస నేను పడతాను. రెండో కొస దగ్గర నువ్వు లేకపోతే, నాకు బొమ్మలు రాసే కొడుకు ఉన్నాడని ఇక ఎవరితోనూ చెప్పను.

రాసినదంతా రావమ్మ చదివి వినిపించింది. ఒక్క మాట తీయించలేదు. సంతకం రాదు గనక సిరా అడిగాను. బుడ్డి నా ముందుకు తనే జరిపింది.

ఇట్లు,
నీ తల్లి సుబ్బరత్నం.
కింద పడింది నా కుడిచేతి బొటనవేలి ముద్ర. ఆ వేలే.