లత రొయ్యలు

లాలాగూడ,
ఆదివారం

లతా,

జనగామలో మీ పుట్టింట్లో నువ్వూ, కడుపులోని పాపో బాబో బాగున్నారనుకుంటాను. ఫోన్లో నువ్వు "నా రొయ్యలెట్లున్నయ్?" అనగానే "మస్తుగున్నయ్" అని నోరు జారుతోంది. అందుకే రాస్తున్నాను. బాగాలేవు.

మొదట అక్వేరియం అద్దం మీద దారప్పోగుల్లాంటి తెల్లటి పురుగులు పాకాయి. మేత మిగిలిపోతే పెరుగుతాయని చదివి, మేత తగ్గించాను. పురుగులు తగ్గాయి. హమ్మయ్య అనుకునేలోపు రొయ్యలు చావడం మొదలైంది! రాంగోపాల్‌పేట్ దుకాణం నుంచి పరీక్ష పట్టీలు తెచ్చి నీళ్లలో ముంచితే రంగులన్నీ సరిగానే ఉన్నాయి. పురుగులు లేవు, నీళ్లు మంచివి, మరెందుకు చస్తున్నాయి? మొక్కల వెంట పిలవకుండా వచ్చి, ఎంత ఏరినా పోని ఆ నత్తలు కూడా చస్తున్నాయి. నా బుర్ర తిరిగిపోతోంది. మందు వేయాలా, నీళ్లు మార్చాలా? మారిస్తే ఇంకా చస్తాయా? ఒకడు ఉప్పంటాడు, ఇంకొకడు బాదం ఆకంటాడు. అమ్మేమో "దిష్టి తగిలిందిరా" అంటోంది.

తొట్టెల ఫంక్షన్లో బిడ్డను ఉయ్యాలలో వేయగానే వచ్చేయమని బతిమాలితే, "ముందు రొయ్యల్ని బతికించి చూపించండి, అప్పుడు ఆలోచిస్తా" అన్నావు. నవ్వుతూనే అన్నావులే. నాకు మాత్రం నవ్వు రావడం లేదు. కాన్పయ్యాక ఐదు నెలలు అక్కడే ఉంటానంటే నావల్ల కాదు లతా.

నీ
విజయేందర్

---

లాలాగూడ,
గురువారం

లతా,

కారణం దొరికింది. నత్తలూ రొయ్యలూ కలిసి చస్తుంటే నీళ్లలో రాగి ఉందేమో చూడమని ఫోన్లో చదివాను. నేను తెచ్చిన పట్టీలు రాగిని చూపించవట. మన వంటింట్లో రాగి బిందె! రాత్రంతా నిలవబెట్టిన నీళ్లు ఆరోగ్యానికి మంచివని రోజూ అవే పోశాను. మనకు మంచిదే, వాటికి విషమట. ఒక్కటీ మిగల్లేదు.

పోసింది నేనే. అమ్మకేమీ తెలియదు. తిట్టాలంటే నన్నే తిట్టు, అమ్మను మాత్రం ఏమీ అడగకు.

విజయేందర్

---

జనగామ,
సోమవారం

మా ఆయనకు,

మంచినీళ్లు కూడా చేతికి అందిస్తే తాగే మనిషి రోజూ బిందె వంచి నీళ్లు పోశాడట! అబద్ధం రాయడం కూడా రాదు మీకు.

అత్తమ్మ నిన్న ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "నల్లా నీళ్లల్ల మందు వాసనొస్తది, గవి సుత ప్రాణాలే గదా అని రాగి నీళ్లు నేనే పోసిన బిడ్డా. వాడు నా పేరు జెప్పకుండ నెత్తిన ఏసుకుండు. వానిమీద కోపం జెయ్యకు" అంది. కోపమేం లేదన్నాను. రొయ్యల కోసం ఏడ్చాను, అది వేరే సంగతి.

ఇప్పుడు నా మాట వినండి. ఐదు నెలలు ఇక్కడే ఉంటానన్నది మీమీద నమ్మకం లేక కాదు. మంచిదని పసిగుడ్డుకు ఏం పోస్తుందో, ఏం పూస్తుందోనని అత్తమ్మకు భయపడ్డాను. ఆ మాట మీతో అనలేక రొయ్యల మీద పెట్టాను. నిన్న ఆమెతోనే అనేశాను. "నిన్ను అడగంది చుక్క తాపియ్య బిడ్డా" అంది. తప్పు తెలియగానే తనంతట తాను ఫోన్ చేసిన మనిషి. ఇంకేం భయం?

తొట్టెల కాగానే వస్తాను. తీసుకెళ్లడానికి మీకు సెలవు దొరక్కపోయినా ఫర్వాలేదు, అత్తమ్మను పంపండి.

మీ
లత