ట్రాక్ పాడిన పిల్ల

ఫిబ్రవరి 11, మంగళవారం

బ్లాగులో నూట నలభయ్యో పాట పెట్టాను. ఎవరికీ పట్టని పాటలు, రికార్డు వెనక వైపు పడి ఉండిపోయిన పాటలు, సినిమా నిడివి ఎక్కువైందని కోసేసిన పాటలు. మూడేళ్ళ క్రితం మొదలుపెట్టినప్పుడు చదివేవాళ్ళు పదకొండు మంది, అందులో నేను రెండుసార్లు. ఇప్పుడు వారానికి తొమ్మిది వేలు.

నాకు పాటలంటే ప్రాణమని అందరూ అనుకుంటారు. ప్రాణమే. కానీ ఈ నూట నలభై పాటలూ ఒకే ఒక్క పాట కోసం పెట్టాను. అది ఇంకా పెట్టలేదు. ముందు జనం చేరాలి. ఖాళీ హాల్లో మనిషి చెంప పగలగొడితే ఏం లాభం?

ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 3

పేషెంట్లు లేరు. పళ్ళ డాక్టరు లోపల తన కుర్చీలోనే పడుకుని కునుకు తీస్తున్నాడు. రిసెప్షన్‌లో కూర్చుని ఇది రాస్తున్నాను. కడుపులో ఉన్నది ఒకసారి కాగితం మీద పెట్టాలి.

అప్పుడు అక్కకి పంతొమ్మిది, నాకు పది. అక్క ట్రాక్ పాడేది. పెద్ద గాయనికి డేట్స్ కుదిరేలోపు కొత్త పిల్లల చేత పాట పాడించి ఉంచుతారు, దాన్ని ట్రాక్ అంటారు. పెద్దావిడ తీరిగ్గా వచ్చి, అది విని నేర్చుకుని, తన గొంతుతో పాడుతుంది. మొదటి గొంతు చెరిపేస్తారు. అది అందరికీ తెలిసిన పద్ధతే, దాంతో ఎవరికీ పేచీ లేదు. కానీ ఆ పాటకి పెద్దావిడ రానేలేదు. పాట కట్టిన సంగీత దర్శకుడు, మాస్టారు, ట్రాక్ చెరపనేలేదు. అక్క గొంతే రికార్డుకెక్కింది, పేరు మాత్రం పెద్దావిడది. ఊరూరా మోగింది ఆ పాట.

అక్క దాన్ని ఒక బట్టల కొట్టు ముందు లౌడ్‌స్పీకర్లో విని పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చింది. చెప్పు తెగితే చేతిలో పట్టుకుని వచ్చింది. మర్నాడు మాస్టారి దగ్గరికి అడగడానికి వెళ్ళింది. ఆయన ఏమన్నాడో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి అక్క పాడలేదు. స్నానం చేసేటప్పుడు కూడా కూనిరాగం లేదు.

బావ పోయాక నా దగ్గరికి వచ్చేసింది. ముందు గదిలో కుట్టుమిషన్ వేసుకుంది. మాస్టారికి ఇప్పుడు ఎనభై. టీవీలో పిల్లల పాటల పోటీకి జడ్జిగా కూర్చుని చీటికీ మాటికీ కళ్ళు తుడుచుకుంటాడు. ఆ రుమాలు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది.

మార్చి 3

మాస్టారికి జీవిత సాఫల్య పురస్కారమట! ఏప్రిల్ ఇరవై అయిదున. పేపర్లో ముందు పేజీ. అక్కకి చూపించాను. ముసలాయన, పోనీలేవే అంది. నేను పోనివ్వను.

మార్చి 19

చేప పడింది.

ఆ పాటకి ట్రాక్ పాడిన పిల్ల గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే రాయండి అని పోయిన నెల బ్లాగులో వల వేశాను. ఇవాళ ఒక రికార్డింగ్ ఇంజనీరు మెయిల్ పంపాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ పెద్దమనిషి. అరవయ్యో పాట దగ్గర నుంచి నా బ్లాగు చదువుతున్నాడట, ఒక్క వారం మానలేదట. స్టూడియో మూసేసినప్పుడు కొన్ని టేపు డబ్బాలు ఇంటికి తెచ్చుకున్నాడు. అందులో మీరు వెతుకుతున్న పాట కూడా ఉందమ్మా, కావాలా అని అడిగాడు. ఎంత మర్యాదగా అడిగాడో! కావాలా అట.

మార్చి 27

డబ్బా వచ్చింది. మూత మీద పెన్సిల్‌తో తేదీ, పాట మొదటి మాట, ట్రాక్ అన్న చోట అక్క పేరు. ఫైనల్ అన్న చోట అడ్డంగా గీత, అంటే మళ్ళీ ఎవరూ పాడలేదని. కింద మాస్టారి సంతకం, తోక తిప్పి మరీ.

ఎగిరి గంతేశాను. డాక్టరు బయటికొచ్చి ఎవరికైనా పెళ్ళి కుదిరిందా అన్నాడు. ఒకాయనకి మూడింది అన్నాను.

ఏప్రిల్ 1, ఉదయం 9.10

పెట్టేశాను. పాట, డబ్బా ఫొటో, సంతకం.

సాయంత్రం 6

పదకొండు వేలు.

ఏప్రిల్ 2

అరవై నాలుగు వేలు. రేడియో వాళ్ళు ఫోన్ చేశారు. ఇద్దరు పేషెంట్లు నన్ను చూడటానికే పంటి నొప్పి తెచ్చుకున్నారు.

ఏప్రిల్ 5

టీవీ వాళ్ళు మాస్టారి ఇంటి మీద పడ్డారు. వయసు మీద పడింది బాబూ, ఆ రోజుల సంగతులు ఏవీ గుర్తులేవు అన్నాడట. గుర్తులేదట! ఏ పాటకి ఎన్ని వయొలిన్లు వాయించాడో పోయిన వారమే లెక్క చెప్పాడు. అక్క పేరు దగ్గరికొచ్చేసరికి మతి పోయింది పాపం.

పురస్కారం కమిటీ వాళ్ళు పరిశీలిస్తాం అన్నారు. పరిశీలించండి నాయనా. నాకు అన్నం కూడా రుచిగా ఉంటోంది.

అక్క మాత్రం ఎప్పటిలాగే మిషన్ తొక్కుకుంటోంది. కొత్త కొత్త ఆడవాళ్ళు పాత బట్టలు పట్టుకుని వస్తున్నారు, కుట్టించుకోవడానికి కాదు, అక్కని చూడటానికి. జిప్పులు వేయించుకుని పోతున్నారు. నిన్న నేను కూరల సంచీతో లోపలికి వస్తుంటే అక్క ఫోన్లో ఆ పాట సన్నగా మోగుతోంది. నన్ను చూసి గబుక్కున ఆపేసింది. నేను చూడనట్టే వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను.

ఏప్రిల్ 8

అక్కయ్యగారి వేరే పాటలు లేవా అని రోజుకి వంద మంది అడుగుతున్నారు. ఆ పాటకి ఏడాది ముందు, అక్క పేరుతోనే వచ్చిన రికార్డు ఒకటి ఉండాలి. ఒక పాఠకుడు తన దగ్గర దొరికిందని కాపీ చేసి పంపాడు. అది పెట్టకే, అది వద్దు అంది అక్క. ఈవిడ సిగ్గు ఎప్పటికి తీరుతుందో. క్లినిక్‌లో, డాక్టరు డ్రిల్లు మోతలో ఒక్కసారి విని పెట్టేశాను. లేబుల్ మీద అక్క పేరు చూడగానే కళ్ళు నిండిపోయాయి, ఇక చెవులేం పనిచేస్తాయి?

ఏప్రిల్ 10, ఉదయం

మొన్న పెట్టిన పాట కింద ఒకావిడ కామెంట్ పెట్టింది. అండీ, ఈ పాట పాడింది మా అమ్మ అంది. అమ్మ అప్పట్లో ట్రాక్ పాడేదట. అరవై కూడా నిండకుండానే మతిమరుపు జబ్బు వచ్చిందట. పిల్లల పేర్లు ఒకరోజు తెలుస్తాయి, ఒకరోజు తెలియవు. తన పేరు మాత్రం ఇంకా తెలుసు, ఎక్కడ రాసి ఉన్నా వేలు పెట్టి చదువుకుని మురిసిపోతుంది. ఈ పాట కింద తన పేరు ఒక్కసారి చూసుకుంటే బాగుంటుందండీ, కాస్త త్వరగా పెడితే మంచిది, ఆ పేరు కూడా ఎన్నాళ్ళు గుర్తుంటుందో డాక్టర్లు చెప్పలేకపోతున్నారు అంది.

మాస్టారి మనుషుల పని అనుకున్నాను. ఎంత బాగా అల్లారు కథ! హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాట విన్నాను. రెండు చరణాలు. మళ్ళీ విన్నాను.

అక్క కాదు.

లేబుల్‌ని నమ్మకండి, గొంతుని నమ్మండి అని మూడేళ్ళుగా నా బ్లాగు నెత్తిన రాసి పెట్టుకున్నాను. సొంత అక్క గొంతు దగ్గర గుడ్డిగా లేబుల్‌ని నమ్మాను.

ఎవరూ చూడకముందే కామెంట్ చెరిపేశాను. ఒక్క క్షణం పట్టింది.

సాయంత్రం

అడిగాను. అక్క మిషన్ ఆపింది.

అక్కకి మొట్టమొదటి పాట అది. రికార్డింగ్ నాటికి జ్వరం, గొంతు పట్టేసి మాట కూడా రాలేదట. అంతకుముందే ఎవరో పిల్ల ట్రాక్ పాడి ఉంది. రెండు జడల పిల్ల, అక్క కంటే చిన్నది. లేబుళ్ళు అప్పటికే అచ్చయిపోయాయి. ఆ పిల్లదే ఉంచేద్దాం, నీ పేరు ఎలాగూ ఉంది అన్నాడట మాస్టారు. అక్క నోరు మూసుకుంది. తర్వాత ఆ పిల్ల స్టూడియో మెట్ల మీద ఎదురైతే అక్కే మొహం పక్కకి తిప్పుకుని దిగిపోయిందట. ఏడాదికి తన పాట పోయినప్పుడు అడగడానికి వెళ్తే మాస్టారు నవ్వాడు. అప్పుడు నీకు ఇచ్చాను, ఇప్పుడు నీ దగ్గర తీసుకున్నాను, చెల్లుకు చెల్లు అన్నాడట.

నలభై రెండేళ్ళు నోరెత్తకపోవడానికి కారణం ఆ మాట.

జాలి పడాలి నేను. కోపం వచ్చింది. ముందే చెప్పి ఏడవొచ్చుగా అని అరిచాను. చెప్తే నువ్వు ఊరుకునేదానివా అంది. ఆ పిల్ల పేరు రాసెయ్యవే, రేపే రాసెయ్ అంది.

ఏప్రిల్ 11

రాయను అన్నాను. ఎప్పటికీ కాదు, ఇరవై అయిదు దాటాక. ఇప్పుడు రాస్తే ఏమవుతుంది? చూశారా, ఆ రోజుల్లో అందరూ అంతే, వీళ్ళ అక్కా అంతే అని మాస్టారు రుమాలు తీస్తాడు. కమిటీ వాళ్ళకి కావలసింది అదే. అందలం ఎక్కించి ఊరేగిస్తారు ఆయన్ని. రెండు వారాలు ఆగలేదా ఆవిడ? నలభై మూడేళ్ళు ఆగింది కదా.

ఈ పూట మిషన్ చప్పుడు లేదు.

ఏప్రిల్ 14

ఆ కూతురు ఈసారి మెయిల్ చేసింది. నా కామెంట్ పొరపాటున పోయినట్టుంది అండీ అని. ఎంత మంచిదో. జవాబు ఇవ్వలేదు.

ఏప్రిల్ 16

ఇంకో మెయిల్. అమ్మ నిన్న తన పేరు అడిగి చెప్పించుకుందట, రెండుసార్లు. మీకు వీలు కాదంటే చెప్పండి, ఏమీ అనుకోం అంది.

వీలవుతుంది. కొంచెం ఓపిక పట్టమ్మా తల్లీ.

ఏప్రిల్ 19

ఇంకా ఆరు రోజులు.

ఏప్రిల్ 20

అక్క రోజూ పొద్దున్నే అడుగుతోంది, ఆ పిల్ల దగ్గర నుంచి ఏమైనా కబురుందా అని. లేదు అంటున్నాను. అక్కకి ఆవిడ ఇంకా రెండు జడల పిల్లే.

ఏప్రిల్ 23

రద్దు! రద్దు! రద్దు!

పురస్కారం వెనక్కి తీసుకున్నారు. పాటల పోటీ నుంచి కూడా తప్పించారు. మాస్టారు ఇంటి తలుపులు తీయలేదట, గేటు దగ్గర కెమెరాలు ఎండలో మాడాయట. గేటు ఫొటో పదిసార్లు చూసుకున్నాను. నలభై రెండేళ్ళ కడుపుమంట ఇవాళ చల్లారింది. నాకేం పాపభీతి లేదు, బ్రహ్మాండంగా ఉంది. డాక్టరికి, పేషెంట్లకి, మెట్లు తుడిచే ఆవిడకి అందరికీ స్వీట్లు పంచాను.

అక్కకి కూడా పెట్టాను. తినలేదు. ఇప్పుడు రాస్తావా అంది.

ఏప్రిల్ 24

రాశాను. మాట ప్రకారం, ఒకరోజు ముందే. ఏమీ దాచలేదు, అక్క మొహం తిప్పుకోవడం కూడా రాశాను, అక్కే రాయమంది. ఆ పాట కింద ఆవిడ పేరు పెద్ద అక్షరాలతో పెట్టాను. కూతురికి మెయిల్ చేసి ఆలస్యానికి క్షమించమన్నాను.

లక్షా పన్నెండు వేల మంది చదివారు. తిట్టినవాళ్ళు ఉన్నారు, మెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. కూతురి నుంచి ఏమీ లేదు.

ఏప్రిల్ 26

కూతురు రాసింది. థాంక్స్ అండీ అంది. పేరు ప్రింటు తీసి నిన్న అమ్మ చేతికిచ్చిందట. ఆవిడ వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివిందట. పేరు చాలా బాగుందమ్మా, ఎవరిది అని అడిగిందట.

ఆ పిల్ల చూసిందటా అని మిషన్ దగ్గర నుంచి అక్క అడిగింది.

చూసిందట అన్నాను.