సుస్తీ మీద నా ప్రసంగం

గురువారం

నా మీద నాకే ఒళ్ళు మండుతోంది.

పొద్దున ఫిల్మ్‌నగర్ ఆఫీసులో స్టోరీ సిట్టింగ్. తల్లి పాత్రకి "మీ నాన్నకి సుస్తీ చేసిందిరా" అని రాస్తే డైరెక్టర్ కొట్టేశాడు. "హైటెక్ సిటీ కుర్రాళ్ళకి అర్థం కాదండీ. ఫీవర్ అని పెట్టండి."

ఊరుకోవచ్చుగా! గంటసేపు వాదించాను. ఆ మాట ఉర్దూ నుంచి వచ్చిందనీ, అక్కడ బద్ధకమనీ, మన నోట్లో పడ్డాక జబ్బయిందనీ పాఠం చెప్పాను. అందరూ నవ్వారు. డైలాగు ఫీవరే అయింది.

సాయంత్రం, మాకు టీ పెట్టే సత్తెమ్మ భర్త బోరబండ నుంచి వచ్చాడు. "మా ఆమెకు సుస్తయింది సార్, మూడొద్దుల సంది లేస్తలేదు" అన్నాడు. పొద్దున సిట్టింగ్‌లో మాతోపాటే ఉన్న మేనేజర్ నావైపు చూసి కన్ను గీటి, అతనితో అన్నాడు:

"సుస్తీ అంటే బద్ధకమేనట, మా రైటర్‌గారే చెప్పారు. ఇంక రావద్దని చెప్పు, వేరే ఆమెని పెట్టుకున్నాం."

ఒక్క మాట కోసం గంట వాదించినవాణ్ణి, సత్తెమ్మ భర్త మెట్లు దిగి వెళ్తుంటే డైలాగు కాయితాలు సర్దుకుంటూ కూర్చున్నాను. వచ్చే సినిమా కూడా ఈ ఆఫీసులోనే రాయాలి మరి.

రేపు వెళ్ళబుద్ధి కావడం లేదు. ఫీవరని ఫోన్ చేస్తే సరి. నాదెవరూ బద్ధకమనరు.