ప్రవళిక కుట్టిన ముఖాలు

లక్సెట్టిపేట

ప్రవళిక బాపుకు,

అనసూర్య నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా బాగున్నాం. అత్తమ్మకు మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది. మస్కట్‌లో మీరు వేళకు తింటున్నారని తలుస్తాను.

మొన్న మీరు అడిగిన పత్తి సంగతి: ఏరడం అయిపోయింది. చివరి వానకు తడిసింది కొంత నల్లబడింది. ఇక మన బిడ్డ ప్రవళిక ఫోన్ ఎందుకు ఎత్తడం లేదన్నారు. సిగ్నల్ లేదని అబద్ధం చెప్పాను. మీ గదిలో అంతమంది వింటుండగా చెప్పలేక ఇలా రాస్తున్నాను.

మహిళా సంఘం వాళ్లు తమ హాల్లో కుట్టుపనుల ప్రదర్శన పెట్టారు. అందరూ దిండు గలీబులు, గుమ్మం తోరణాలు తెచ్చారు. మన పిల్ల గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లలో పాత చొక్కాలు అడిగి తెచ్చి, మీ చొక్కా కూడా కలిపి, గోడంత గుడ్డ కుట్టింది. దాని నిండా మగవాళ్ల ముఖాలు. ఒక్కటీ కుదురుగా లేదు. అన్నీ చదరపు ముక్కలు. కన్ను ఒకచోట, నోరు ఒకచోట, దవడ పక్కకు జరిగిపోయి.

గుడ్డ విప్పి గోడకు కట్టగానే చంద్రవ్వ లేచింది. దుబాయ్‌లో ఉన్న ఆమె కొడుకు దగ్గర్నుంచి చాన్నాళ్లుగా ఫోన్ లేదు. వాడి చారల చొక్కాను గుర్తుపట్టింది.

"నా కొడుకును గిట్ల తునకలు జేస్తవా? గీ పిల్లకు మతి లేదు!" అంటూ గుడ్డను గుంజింది. తక్కినవాళ్లూ తలా ఒక చెయ్యి వేశారు, గుడ్డ చిరిగింది.

"నాలుగు పూలు కుడితె ఏం వోయింది?" అని ఎవరో అన్నారు.

నేనే చేతులు జోడించి, "తప్పయింది, చిన్నపిల్ల" అన్నాను. అప్పుడు ప్రవళిక తిరిగి నా వైపు చూసింది. వాళ్లు గుడ్డ చింపినప్పుడు కూడా దాని ముఖం అలా మాడిపోలేదు.

ఇంటికొచ్చాక, "గట్లెందుకు కుట్టినవ్ బిడ్డా?" అని అడిగాను.

"వీడియో కాల్ల బాపు గట్లనే కనవడ్తడు గదనే అవ్వా. సిగ్నల్ వోతె మొఖం ముక్కలైతది. మల్ల ఎప్పుడు కలుస్తదా అని సూస్తనే ఉంట. నువ్వు సూస్తలేవా?"

చూస్తూనే ఉన్నాను. ఆ హాల్లో కూర్చున్న ప్రతి ఆడమనిషీ చూస్తూనే ఉంది. అయినా గుడ్డ మీదివి ఆ ముఖాలేనని ఎవరికీ తట్టలేదు. పువ్వులు, చిలకలు చూద్దామని వచ్చినవాళ్లం, భయపడిపోయాం. చంద్రవ్వను తప్పు పట్టలేను. ఆమె లోపల అణచుకున్న భయం నలుగురి ముందు గోడకు వేలాడింది.

ఇంతసేపూ రాయలేకపోయిన మాట ఒకటుంది. మిగిలిన గుడ్డను పిల్ల కుట్టు కుట్టు విప్పి, ఎవరి ముక్కలు వాళ్ల గడపలో పెట్టి వచ్చింది. కుట్టుమిషన్ ఎవరికైనా ఇచ్చేయమంది. మీ ఫోన్ మోగితే పెరట్లోకి పోతోంది. "బాపు గూడ మతి లేదంటె నేను తట్టుకోలేనవ్వా" అంటోంది.

మీ ముఖాన్ని మాత్రం విప్పనివ్వలేదు. పిల్లకు చెప్పకుండా, మీ క్యాంపుకే వస్తున్న సిద్దిరాములు చేతికి ఈ ఉత్తరంతో పాటు ఇచ్చాను. తీరిక చూసుకుని, ఎదురుగా పెట్టుకుని చూడండి. తర్వాత ఫోన్ చేయండి, పిల్లతో నేను ఎత్తిస్తాను. బాగుందని అనకండి, నమ్మదు. మీకు అందులో ఏం కనబడిందో అదే చెప్పండి.

ఇట్లు,
మీ ప్రవళిక అవ్వ,
అనసూర్య