తిన్నానని చెప్పకు అక్కా

అక్కా,

సెలూన్ తెరిచే వేళయింది. నీకు ఇప్పుడే కన్ను అంటుకుంది, అందుకే లేపకుండా వెళ్తున్నాను. అన్నం మెత్తగా ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టాను. నూనె వాసనకే నీకు వికారం వస్తోందని ఏమీ వేయించలేదు. ఒక్కసారే తినక్కర్లేదు. రెండు ముద్దలు తిని పడుకో, కాసేపయ్యాక ఇంకో రెండు తిను. ఖాళీ కడుపున మాత్ర మాత్రం వేసుకోకు.

నిన్న "కడుపు నిండా తిన్నాన్రా" అన్నావు. పొద్దున చెత్త తీస్తుంటే కాగితంలో చుట్టిన అన్నం కనిపించింది. మొన్న డాక్టర్ గారు అడిగితే "బాగానే తింటోందండీ" అని చెప్పింది నేనే కదా! ఆ మాట నమ్మే ఆయన పాత మందే ఉంచారు. ఇవాళ ఫోన్ చేసి నిజం చెప్పేస్తాను, కోపం తెచ్చుకోకు. ఈ పేగుల జబ్బు తిరగబెట్టినప్పటి నుంచి నీ వాచీ మోచేతి దాకా జారుతోంది. అది నాకు కనిపించడం లేదనుకోకు.

నేనొచ్చేసరికి అన్నం అలాగే ఉన్నా ఏమీ అనను. దాచిపెట్టి పారేయకు, అంతే.

బుడ్డోడు

చిన్నప్పుడు నా ముక్కు మూసి మరీ తినిపించేదానివి. నీ ముక్కు పట్టుకునే ధైర్యం నాకు లేదక్కా, నువ్వే తిను.