తిరునాళ్ళ క్యాసెట్‌లో వన్స్ మోర్

జూలై 6, ఆదివారం

క్యాసెట్ ఇంటికొచ్చింది.

సుగుణ చేతిసంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. "పాత ట్రంకులో దొరికిందండీ" అంది. అబద్ధం. మొదట్నుంచీ అది ఈపూరులో నా తమ్ముడు కోటేశు ఇంట్లోనే ఉంది. పొద్దున చుట్టాల ఇంటికని ఈపూరు వైపు పోయే వినుకొండ బస్సెక్కిన మనిషి సాయంత్రం వచ్చి ట్రంకు అంటోంది. నా చెవిలో పూలేమన్నా కనిపిస్తున్నాయా? గురజాల కోర్టులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసినవాణ్ణి. పెళ్ళామైనా సాక్షి సాక్షే.

చూద్దాం.

క్యాసెట్ అడుగున ఐదు స్క్రూలు. నాలుగు తుప్పు పట్టినవి. ఒకటి మాత్రం కొత్తది, తళతళ మెరుస్తోంది. అంటే ఎవరో విప్పారు. విప్పి ఏం చేశారు?

జూలై 7, సోమవారం

వ్యవహారం అంతా ఒకచోట రాసి పెట్టుకోవాలి. రేపు నేనే మరిచిపోతాను.

ఇరవయ్యో తారీకు ఆదివారం చిలకలూరిపేటలో పాత రంగస్థలం వాళ్ళకు సన్మానం. నా పేరూ వేశారు. పాత వీడియో ఉంటే తెర మీద చూపిస్తామన్నారు. నేను ఊరుకోవచ్చుగా... "కోటప్పకొండ తిరునాళ్ళలో మా ఊరి వాళ్ళు కట్టిన లైట్ల ప్రభ ముందు జనమంతా లేచి వన్స్ మోర్ కొట్టిన పద్యం ఉంది, తెస్తా" అనేశాను. నాటకం మా ఊరి తెలుగు మాస్టారు రాసింది. నాది రాజు వేషం. రాజ్యం పోయాక పాడే పద్యం. జీవితంలో నాకంటూ దక్కిన గొప్ప ఏదన్నా ఉంటే అదొక్కటే.

వీడియో తీసింది కోటేశే. అప్పట్లో వాడి దగ్గర కెమెరా ఉండేది. ఎన్నిసార్లు అడిగినా ఏదో సాకు చెప్పి నాకు ఒక్కసారీ చూపించలేదు.

నాలుగేళ్ళ కింద మేనకోడలి పెళ్ళిలో, భోజనాల పంక్తిలో నేను ఆ రాత్రి సంగతి చెబుతుంటే వాడు నవ్వాడు. "జనమంతానా? ఊరుకో అన్నయ్యా." అంతమందిలో! చెయ్యి కడుక్కుని లేచిపోయాను. అప్పటినుంచి వాడికీ నాకూ మాటల్లేవు.

అలాంటి వాడి ఇంట్లో ఇన్నాళ్ళూ ఉన్న క్యాసెట్ ఇది.

జూలై 8, మంగళవారం

బస్టాండ్ దగ్గర ఫోటో స్టూడియో నడిపే రెహానా వాళ్ళ నాన్న కాలంనాటి వీసీఆర్ ఇచ్చింది. కంప్యూటర్‌కి పెట్టే చిన్న పుల్లలాంటిదీ ఇచ్చింది. క్యాసెట్ అటు తిరుగుతుంటే కంప్యూటర్ ఇటు ఎక్కించుకుంటుందట. "పసుపు వైరు బొమ్మకి, తెలుపూ ఎరుపూ సౌండుకి. ఎక్కేటప్పుడు సౌండ్ వినపడదు తాతగారూ, ఎక్కాక ఫైలు తెరిచి వినండి" అని చెప్పింది. మా కొత్త టీవీకి ఈ వైర్లు పట్టే బొక్కలే లేవు. కంప్యూటరే గతి.

పెట్టాను. గీతలు. తర్వాత బొమ్మ. మా ప్రభ, లైట్లు, నేను! కిరీటంతో నేను!

పద్యం అందుకోబోయే ముందు తెర మొత్తం నీలం.

మళ్ళీ పెట్టాను. నీలం.

తుడిచేశాడు. నా పద్యం తుడిచేశాడు వెధవ.

జూలై 9, బుధవారం

రెహానా వచ్చి వీసీఆర్ మూత తీసి, టేపుని చదివే హెడ్డు శుభ్రం చేసింది. అయినా నీలమే. నా అనుమానం చెప్పాను. "తుడిచేసుంటే ప్రతిసారీ ఒక్కచోటే పోవాల తాతగారూ. ఇది ఒకసారి ముందు పోతంది, ఒకసారి వెనక పోతంది. బొమ్మ బలహీనంగా ఉంటే కంప్యూటర్ చేతులెత్తేసి నీలం చూపిస్తది, అంతే" అంది.

ఈ పిల్లని కూడా వాడు మంచి చేసుకున్నాడా? వాళ్ళ నాన్నకీ కోటేశుకీ స్నేహం ఉండేది. గుర్తు పెట్టుకోవాలి.

జూలై 10, గురువారం

ఇది మామూలు విషయం కాదు.

పొద్దున కాఫీ ఇస్తూ సుగుణ అంది: "క్యాసెట్‌ని ఆ చివరిదాకా తిప్పి, మళ్ళీ మొదటిదాకా తిప్పి, అప్పుడు పెట్టండి. చానా ఏళ్ళు కదలకుండా ఉంటే టేపు బిగుసుకుంటది."

టీవీ రిమోట్‌లో ఇన్‌పుట్ మార్చడం రాక నన్ను పిలిచే మనిషి! ఎవరు చెప్పారే అంటే "ఎక్కడో విన్నాలే" అంది. ఎక్కడో అట.

తిప్పి, ఎక్కించడానికి పెట్టి స్నానానికి వెళ్ళాను. వచ్చి చూస్తే నీలం పోయింది. పద్యం పాడుతున్న బొమ్మ మొత్తం ఎక్కింది.

సంతోషించాలా, భయపడాలా?

జూలై 11, శుక్రవారం

ఎక్కిన ఫైలు తెరిచి విన్నాను.

తెర మీద నేను. రాజు వేషం. చెయ్యి చాచి నోరు తెరిచాను. నా నోట్లోంచి కుక్కర్ విజిల్ వచ్చింది.

తర్వాత సుగుణ గొంతు. నా పెదాలు కదులుతుంటే సుగుణ గొంతు: "ఆ, తిప్పమని చెప్పాలే కోటేశూ... నీలం పోయినట్టుంది... లేదయ్యా, నీ పేరెందుకు చెప్తా..."

మూడుసార్లు విన్నాను. ముప్పై ఏళ్ళనాటి తిరునాళ్ళలోకి మా కుక్కర్ ఎలా వచ్చిందో తెలియదు గానీ, ఒకటి మాత్రం రుజువైంది. నా పెళ్ళాం నా వెనక వాడితో మాట్లాడుతోంది.

భోజనం దగ్గర మామూలుగా అడిగాను. "నిన్న ఎవరితోనే ఫోను?"

"మా అక్కతో" అంది. రెప్ప కూడా వెయ్యలేదు.

జూలై 14, సోమవారం

రెహానాకి కుక్కర్ విజిల్ వినిపించాను, సుగుణ మాటలు రాకముందే ఆపేసి. పడీ పడీ నవ్వింది. సెట్టింగుల్లో సౌండ్ ఎక్కడినుంచి తీసుకోవాలో చెప్పే చోట వీసీఆర్ బదులు లాప్‌టాప్ మైకు ఉందట. "బొమ్మ క్యాసెట్‌ది, సౌండ్ మీ ఇంటిది తాతగారూ. ఇట్టా మార్చి మళ్ళీ ఎక్కించండి" అని ఎక్కడ నొక్కాలో చూపించింది.

ఇంటికొచ్చాను. మార్చలేదు.

జూలై 15, మంగళవారం

సిగ్గుపడాల్సిన పనే చేశాను. రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను. సౌండ్ మైకు మీదే ఉంచి, క్యాసెట్ ఆడించి, పాలకని బజారుకెళ్ళాను. గంట తర్వాత వచ్చి విన్నాను.

సుగుణ ఒక్కదాని మాటలే వినపడుతున్నాయి. "ఇయ్యాల సౌండ్ కూడా సరిచేస్తాడంట... అదే నా భయం... ఇన్నేళ్ళు ఎట్టా దాచామో అట్టే దాచుదాం అనుకున్నా. తెలిస్తే తట్టుకోలేడు మీ అన్నయ్య... నువ్వు మాత్రం నోరు మెదపబాక."

దాచారు. ఇద్దరూ కలిసి. ఇన్నేళ్ళు.

ఏం దాచారు? వన్స్ మోర్ కొట్టిన చోటు చెరిపేశారు, అంతేగా! స్క్రూ విప్పింది అందుకేగా!



జూలై 16, బుధవారం

సౌండ్ మార్చాను. ఎక్కించాను. వినడానికి ధైర్యం చాలడం లేదు.

జూలై 17, గురువారం

విన్నాను.

ఒక చెవిలోనే వస్తోంది. గుయ్‌మని మోత. అయినా నా గొంతే. మంచి గొంతు, అబద్ధమెందుకు! ఏదీ చెరిగిపోలేదు. పద్యం పూర్తిగా ఉంది. రాగం తీసి, తీసి, ఆపాను.

నిశ్శబ్దం. ఎక్కడో బూర ఊదుతున్నారు. పిల్లెవతో ఏడుస్తోంది.

అప్పుడు కెమెరా పక్కనే, చెవి పగిలేలా: "వన్స్ మోర్!"

బొమ్మ ఊగింది. మళ్ళీ "వన్స్ మోర్!" మళ్ళీ ఊగింది. ఒక్కడే. ఇంకెవరూ లేరు. పక్కనుంచి ఎవరో విసుక్కుంటున్నారు: "కూర్చోరా కోటేశూ, ఇంకా చానా సీన్లున్నాయి, తెల్లారుద్ది." వాడు ఆపలేదు. గొంతు జీరపోయేదాకా అరిచాడు.

తెర మీద నేను ముందుకొచ్చి అటు తిరిగీ ఇటు తిరిగీ మైదానం మొత్తానికి దండం పెడుతున్నాను. లైట్ల వెలుగులో నిలబడ్డవాడికి ముందు ఎంతమంది ఉన్నారో, ఎవరు అరిచారో కనిపించదు. జనమంతా అనుకున్నాను. ముప్పై ఏళ్ళు అందరికీ చెప్పుకు తిరిగాను.

సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత ఏడుపొచ్చింది. ఆ ఏడుపు సిగ్గువల్ల కాదు.

సుగుణని కూర్చోబెట్టి అడిగాను. నీకెప్పుడు తెలుసే? "నేను కాపరానికొచ్చిన ఏడే చెప్పాడు. అన్నయ్యకి చెప్పబాక వదినా అన్నాడు. ఆ పెళ్ళిలో నోరు జారాడు పాపం, దానికి మీరు నాలుగేళ్ళు..." ఆపేసింది. క్యాసెట్ ఎందుకు విప్పాడు అన్నాను. "బూజు పట్టిందని. మీకు సభ ఉందని నేనే చెప్పా, తెస్తానని మీరు మాటిచ్చేశారుగా. రెండు రోజులు కూర్చుని దూదితో తుడిచాడంట."

ఆమె కళ్ళలోకి చూడలేక కంప్యూటర్ వైపు చూశాను.

జూలై 18, శుక్రవారం

సభవాళ్ళు ఫోన్ చేశారు. వీడియో సిద్ధమా అన్నారు. ఆ అన్నాను. సౌండ్‌తోనా అన్నారు... చూసి చెబుతానన్నాను.

సౌండ్ తీసేసి బొమ్మ ఒక్కటే వెయ్యమంటే సరిపోతుంది. ఎవరికీ తెలియదు.

తెలియదా?

జూలై 19, శనివారం

పొద్దున్నే సుగుణ పూజలో ఉంది. ఆమె ఫోన్ తీసుకుని వాడి నంబరు నొక్కాను. ఏం మాట్లాడాలో అనుకోలేదు. రెండు రింగులకే ఎత్తాడు.

"చెప్పు వదినా. సౌండ్ వచ్చిందా? విన్నాడా అన్నయ్య? ఏమన్నాడు?"

నోరు పెగల్లేదు. అంత పెద్ద పద్యం పాడినవాణ్ణి.

"వదినా? వదినా? ...అన్నయ్యా?"

పెట్టేశాను.

ఇది రాస్తుండగానే మళ్ళీ మోగుతోంది.