పైకి చదివిన ఉత్తరం

ప్రియమైన చిన్నోడికి,

అక్క దీవెనలు. నువ్విచ్చిన ఫోను బాగా పనిచేస్తోంది. నువ్వే నంబరు వేసి, అన్నీ సర్ది, చేతిలో పెట్టి మరీ వెళ్ళావు. లేకపోతే నా మొహానికి దాన్ని తెరవడం కూడా వచ్చేది కాదు.

అయినా ఉత్తరమే రాస్తోందేమిటని నవ్వకు. మా శరణాలయం నియమం నీకు తెలుసుగా. మొగుళ్ళ దెబ్బలకు తాళలేక పారిపోయి వచ్చిన ఆడవాళ్ళ సంగతులేవీ ఫోన్లో మాట్లాడకూడదు. ఇల్లెక్కడుందో తోడబుట్టినవాళ్ళకు కూడా చెప్పకూడదు. పోలీసువైతే ఏంటి, నీకూ ఆ పోస్టుబాక్సు నంబరే గతి. అలగకు.

కొత్తగా ఒక టైలరమ్మ వచ్చింది. ఎక్కణ్ణుంచి, ఎందుకు అని అడగకు, చెప్పను. చెయ్యి మాత్రం బంగారం. చిరిగిన కర్టెన్లతో నా గదికి దిండు గలీబులు కుట్టిపెట్టింది, కుట్టు ఎక్కడుందో కనిపించదు. ఎప్పుడూ తలుపుకేసే చూస్తూ ఉంటుంది పాపం.

రాయడం అయ్యాక ఎప్పట్లాగే పైకి చదివి అతికిస్తాను. అమ్మకు చూపు పోయాక మన ఇంట్లో ఏ ఉత్తరమైనా ఆవిడకు వినిపించాకే కవర్లోకి వెళ్ళేది కదా. నువ్వు పరీక్ష తప్పిన సంగతి మామయ్యకు రాస్తూ, చదివేటప్పుడు ఆ ముక్క మింగేస్తే, "ఆ నాలుగో లైను మళ్ళీ చదవరా" అంది, గుర్తుందా? అమ్మ పోయినా నాకా అలవాటు పోలేదు. ఖాళీ కుర్చీకి చదివి వినిపిస్తున్నాను. ఫ్యాను గాలికి కాగితాలు ఎగిరిపోకుండా నీ ఫోన్నే బరువుగా పెట్టుకున్నా, తిట్టకు.

వేళకు తిను.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

అంత మంచి ఫోన్ని కాగితాల మీద రాయిలా పెట్టావా తల్లీ! నీకు దండం. సరేలే, ఎక్కడ పెట్టినా పర్వాలేదు గానీ, ఛార్జింగు మాత్రం అయిపోనివ్వకు. నీ ప్రాణానికి అదే భద్రం.

నా పని మామూలే. కిటికీ లేని గది, చెవులకు హెడ్‌ఫోన్లు, ఎదురుగా పెద్దసారు. లారీవాడని ఒకడున్నాడు. దారిలో లిఫ్టు అడిగి ఇద్దరు డ్రైవర్లను చంపి, బండ్లు ఎత్తుకుపోయాడు. ఊరికో ఫోను మారుస్తాడు. చనిపోయినవాళ్ళలో ఒకాయన కూతురు రోజూ పొద్దున్నే ఫోన్ చేసి "దొరికాడా సార్?" అంటుంది. ఇంకా లేదమ్మా అని పెట్టేస్తాను. ఇంట్లో వాడి పెళ్ళాన్ని కూడా చావగొట్టేవాడట. ఆమె పారిపోయిందట. ఆమె కోసం వెతుకుతున్నాడని మాకు కబురు.

ఇప్పుడు మా దగ్గర కొత్త పద్ధతి వచ్చిందిలే. అవతలివాళ్ళకు తెలియకుండానే వాళ్ళ ఫోను మైకు మేం తెరవగలం. ఫోను ఊరికే బల్ల మీద పడి ఉన్నా గదిలో మాటలన్నీ వినిపిస్తాయి. పేపర్లలో వీటి మీద ఒకటే గోల, ప్రైవసీ ప్రైవసీ అని. ఏ తప్పూ చేయనివాడికి దాచుకోడానికేముంటుంది, నువ్వే చెప్పు?

ఆ దగ్గు ముదరనివ్వకు. వేడినీళ్ళు తాగు.

నీ చిన్నోడు

*

ప్రియమైన చిన్నోడికి,

నాకు దగ్గని నీకెలా తెలిసిందిరా? అచ్చం అమ్మే. దూరాన్నుంచే పసిగట్టేస్తావు. చదువుతుంటే కళ్ళు చెమర్చాయి.

కానీ ఆ చివరి మాటకు మాత్రం నీ చెవి మెలిపెట్టాల్సిందే. మన ఒక్క గది ఇల్లు గుర్తుందా? నాకు పన్నెండేళ్ళొచ్చాక అమ్మ మధ్యలో పాత చీర కట్టి, ఇటువైపు నీది అంది. ఆవిడకు అప్పటికే కళ్ళు కనిపించవు. తెర ఉన్నా లేకపోయినా ఆవిడకు ఒకటే. అయినా ప్రతిసారీ తెర దగ్గర ఆగి "రానా అమ్మా?" అని అడిగేది. నేను ఊఁ అనేదాకా అక్కడే నిలబడేది. నేను అక్కడ ఏ తప్పు చేస్తున్నానని అడిగేదిరా? నువ్వేమో ఎవరి గదుల్లోకో అడక్కుండా దూరుతూ, దాచుకోడానికేముంటుందంటున్నావు. మా ఇంట్లో పదకొండు మంది ఉన్నారు. ఒక్కరు కూడా ఏ పాపం ఎరగరు. దాక్కునే బతుకుతున్నారు. ఆ లారీవాణ్ణి పట్టుకో, కాదనను. అలాంటివాడు దొరకాల్సిందే. కానీ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగడం నేర్చుకో.

సరే, పోట్లాట అయిపోయింది. టైలరమ్మ నీకో చొక్కా కుడతానంటోంది. నీలం చారల గుడ్డ చూసి పెట్టింది. మెడ, భుజం, చేతి పొడవు కొలిచి పంపు. కొలవడానికి ఎవరూ లేకపోతే పాత చొక్కా కొలిచి రాయి. ఆవిడ నవ్వడం ఈ వారమే మొదటిసారి చూశాను. చొక్కా సంగతి ఎత్తగానే నవ్వింది.

వెనక తలుపు గడియ ఊడిపోయింది. వడ్రంగి రేపు రేపంటూ నన్ను ఆడిస్తున్నాడు. కుర్చీ అడ్డం పెట్టి లాక్కొస్తున్నాం.

నీ అక్క

*

(చిరునామా మారింది, పైన కొత్త క్వార్టర్సుది రాశాను)

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం అందింది. అమ్మ తెర దగ్గర నిలబడటం చదివి చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. కానీ అక్కా, అమ్మ తెర అవతల హంతకుడు లేడు. మా పనిలో అడిగి లోపలికి వెళ్ళే అవకాశం ఉండదు.

కొలతలు ఇవిగో. మెడ పదిహేనున్నర, భుజం పద్దెనిమిది, చెయ్యి ఇరవై నాలుగు. నీలం చారలంటే నాకిష్టమని ఆవిడకెలా తెలిసిందో. గడియ వెంటనే వేయించు, వడ్రంగి నెత్తిన కూర్చుని అయినా సరే.

ఇంకో మాట. శుక్రవారం కంటి డాక్టరు దగ్గరికి తప్పకుండా వెళ్ళు. వాయిదా వేయొద్దు. పొద్దున వెళ్ళి సాయంత్రం దాకా నింపాదిగా చూపించుకుని రా. ఇంట్లో పనులు ఎక్కడికీ పోవు. నా మీద ఒట్టు.

నీ చిన్నోడు

*

చిన్నోడా,

శుక్రవారం నువ్వు చెప్పినట్టే కళ్ళకు వెళ్ళాను. చుక్కలు వేశారు. అంతా మసగ్గా కనిపిస్తుంటే తడుముకుంటూ ఇంటికొస్తే, గేటు ముందు మీ వ్యాను. లోపల నేలంతా నెత్తురు.

టైలరమ్మ మొగుడే మీ లారీవాడట. వెనక తలుపు నుంచి వచ్చాడు. కుర్చీ తన్నేసి లోపలికి దూరాడు. ఆవిడ మిషను ముందు కూర్చుని ఉంది. కత్తి మొహం మీదికి వస్తుంటే కుడిచెయ్యి అడ్డం పెట్టింది. మూడు వేళ్ళు పోయాయి. బొటనవేలు ఉంటుందో ఊడుతుందో చెప్పలేమంటున్నారు డాక్టర్లు.

మీవాళ్ళు ముందు గేటుకు ఎదురుగా రెండు గంటల నుంచి కాపలా కూర్చున్నారట. వెనక సందులో ఒక్కడూ లేడు. కేకలు విని పరిగెత్తుకొచ్చి పట్టుకున్నారు.

ఇన్నేళ్ళలో ఒక్కరికీ తెలియని ఇల్లు వాడికెలా తెలిసింది? "నా దోస్తు ఫోనుకి ఎవరో చిరునామా పంపారే" అని నవ్వాడట ఆవిడతో. ఎవరు పంపారు? మీవాళ్ళకు ముందే ఎలా తెలిసింది? వడ్రంగేనా? నేనే ఎక్కడైనా నోరు జారానా? మూడు రోజులుగా ఇదే ఆలోచన, పిచ్చెక్కుతోంది. చిరునామా బయటపడింది కదా, మిగతా పదిమందినీ తలో చోటికి పంపించేశారు. ఇల్లు మూసేస్తున్నారు. నిజం చెప్పు, నీ కాళ్ళు పట్టుకుంటా.

అక్క

*

ప్రియమైన అక్కకి,

నువ్వు ఏ తప్పూ చేయలేదు. ఆ మాట మనసులోంచి తీసెయ్. వాడు దొరికాడు, అది చూడు. మొన్న పొద్దున ఆ డ్రైవరు కూతురు ఫోన్ చేస్తే "దొరికాడమ్మా" అన్నాను. అవతల ఒకటే ఏడుపు. నా ఉద్యోగంలో నేను విన్న మంచి మాట అదొక్కటే. పెద్దసారు నాకు ప్రశంసాపత్రం ఇప్పించారు.

ఆవిడ చెయ్యి గురించి చాలా బాధగా ఉంది. వైద్యానికి మా డిపార్టుమెంటు సాయం చేస్తుంది, నేను చూసుకుంటాను. మిగతావి అడక్కు అక్కా. కేసు విషయాలు చెప్పకూడదు.

నీ చిన్నోడు

*

చిన్నోడా,

ఇవాళ ఇల్లు ఖాళీ చేస్తుంటే పోస్టుబాక్సు నుంచి ఆఖరి కట్ట తెచ్చిచ్చారు. అందులో నేను నీకు రాసిన కవరు ఒకటుంది. అమ్మ తెర సంగతి, చొక్కా సంగతి, గడియ సంగతి రాసిన ఉత్తరం. పాత క్వార్టర్సుకి వెళ్ళి, "ఈ చిరునామాలో లేరు" అన్న ముద్రతో తిరిగొచ్చింది. ఎవరూ విప్పలేదు. నేను పూసిన జిగురు అలాగే ఉంది.

నీకు అందని ఉత్తరానికి జవాబు రాశావురా. మెడ పదిహేనున్నర, భుజం పద్దెనిమిది.

నేను చదువుతుంటే విన్నావు. కుర్చీలో అమ్మ ఉందనుకుని చదివాను, నువ్వున్నావు. వినీ వినీ, కాగితం రాలేదన్న సంగతే మర్చిపోయావు. నేను రాయని దగ్గు నీకు తెలిసింది. నేను చెప్పని డాక్టరు తెలిశాడు. నేనేమో తమ్ముడికి ఎంత ప్రేమోనని పొంగిపోయాను. సిగ్గేస్తోంది. ఆ టైలరమ్మ నా గదిలో కూర్చుని, మొగుడు ఏం చేశాడో వెక్కుతూ చెప్పుకుంది. ఇక్కడ ఎవరికీ తెలియదని ఒట్టేసి చెప్పాను. చెబుతుంటే నీ ఫోను నా మోచేతి దగ్గరే ఉంది.

ఈ ఇల్లెక్కడుందో మీకు చెప్పింది కూడా ఈ ఫోనే. ఆ చిరునామా వాడి దోస్తుకి పంపింది మీరే. ఆవిణ్ణి ఎరగా కట్టారు. నన్నొక్కదాన్ని మాత్రం ఒట్టు పెట్టి మరీ ఇంట్లోంచి పంపించేశావు. గడియ ఊడిందని నీకు తెలుసు, నాకు జాగ్రత్తలు కూడా చెప్పావు. వెనక సందులో ఒక మనిషిని పెట్టమని మాత్రం చెప్పలేకపోయావు. అక్క ఇంటి గోల కేసుకేం పనికొస్తుందని రిపోర్టులో వదిలేశావేమో. అంతా విన్నావు, అదొక్కటే వినలేదు.

వాడు దొరికినందుకు నాకూ సంతోషమే. ఆ పిల్ల ఏడుపు తలుచుకుంటే నాకూ కళ్ళు తడిశాయి. కానీ ఏ మొహం పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళను? వెళ్ళినప్పుడల్లా టైలరమ్మ ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నీ తమ్ముడి చొక్కాకి ఒక చెయ్యి కుట్టలేదు, ఏమీ అనుకోకు" అంటోంది. నేనేం జవాబు చెప్పాలో నువ్వే చెప్పు. చెప్పడం నీకు బాగా వచ్చుగా.

చొక్కా మిషను మీద నుంచి తీశాను. ఒంటి చేతి చొక్కా. నీకు పంపను.

ఈ ఉత్తరం కూడా పైకే చదువుతున్నాను. నీ ఫోను కాగితం మీదే ఉంది, ఛార్జింగు నిండుగా పెట్టాను. మధ్యలో ఏ ముక్కా మింగలేదు. కావాలంటే నాలుగో లైను మళ్ళీ చదువుతాను. స్టాంపు అతికించడంలేదు. చదవడం అవగానే నీ ఫోన్ని ఈ బల్ల మీదే వదిలేసి, తలుపుకి తాళం వేసుకుని వెళ్ళిపోతాను. ఇక ఖాళీ గది వింటూ కూర్చో.

విన్నావు కదా.

అక్క